షాఫ్టు మీద ఆరు చుక్కలు

పోయిన వారం మనం సిద్దిరాములును తూంకుంట షెడ్డులో, గుంతలో, ఆ జర్మనీ బండి కింద నిలబెట్టి వచ్చేశాం. పాపం ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు. మెడ పట్టేసింది. చొక్కా వీపుకు అంటుకుపోయింది. మే నెల ఎండకు పైన రేకులు కాలి, కింద గుంతలో గాలాడక, మనిషి ఉడికిపోతున్నాడు.

సంగతి మరిచిపోయినవాళ్ళకు నాలుగు ముక్కలు చెబుతాను. బండి శామీర్‌పేటలో అందరూ పటేలా అని పిలిచే జనార్ధన్ రెడ్డిది. ఒకప్పుడు ఆయనకు వరి పొలాలుండేవి, ఇప్పుడు ఆ పొలాల్లో తెల్లరాళ్ళు పాతి ప్లాట్లు అమ్ముతున్నాడు. కొడుకు అన్వేష్ ముచ్చటపడ్డాడని పదహారేళ్ళ నాటి రెండు తలుపుల బండిని బొంబాయి నుంచి తెప్పించాడు. ఆరు సిలిండర్ల ఇంజను ముందుంటే, జోరంతా వెనక చక్రాలకు పోతుంది. ఉగాదికి ముందు బుధవారం ఈ బండి చెరువుకట్ట కింది మలుపులో తిరగకుండా తిన్నగా దూసుకుపోయి, చేపల గంపతో రోడ్డు పక్కన నిలబడ్డ సాలమ్మను గుద్దింది. డాక్టర్లు ఆమె కాలు మోకాలి కిందికి తీసేశారు. నడిపింది నేనేనని రెడ్డి డ్రైవరు పరమేశ్ ఒప్పుకున్నాడు. కాదు, అన్వేషేనని చెరువు చుట్టూ ఉన్నవాళ్ళందరికీ తెలుసు. తెలిసినవాళ్ళందరూ నోరు మూసుకున్నారు.

ఆ పరమేశ్ సిద్దిరాములుకు బామ్మర్ది, జయమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. డ్రైవరు కాకముందు ఆరేళ్ళు ఈ షెడ్డులోనే పని నేర్చుకున్నాడు. చేపలవాళ్ళ సంఘం పట్టుబట్టడంతో సోమవారం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ మళ్ళీ వచ్చి బండిని అడుగుభాగంతో సహా చూస్తాడు. బండిలోనే లోపం ఉందని తేలితే తన తమ్ముడికి జైలు తప్పుతుందని జయమ్మ ఆశ. నిన్న రాత్రి అన్నం వడ్డిస్తూ, "నీ చెవులకు దొరకని సప్పుడున్నదా? నా తమ్మున్ని ఇడిపియ్యి," అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇవాళ శనివారం.

పొద్దున బండి దింపడానికి జనార్ధన్ రెడ్డి స్వయంగా వచ్చాడు. తెల్లచొక్కా, దాని మీద గుప్పుమనే అత్తరు, బుగ్గలో గుట్కా. బండి కూడా ఆయనలాగే వచ్చింది. పైన కొత్త పాలిష్, లోపల సీట్ల మీద సెంటు, ముందు బంపర్‌కు నిమ్మకాయా మిరపకాయలూ. ఆడమనిషి కాలు పోయిన మర్నాడు ఈ బండిని గుడికి తీసుకుపోయి, దిష్టి తగిలిందని దాని ముందు గుమ్మడికాయ పగలగొట్టారట. సాలమ్మ గడప తొక్కడానికి మాత్రం ఆ ఇంట్లో ఒక్కరికీ తీరిక చిక్కలేదు.

"సోమవారం దాక ఆ సప్పుడు బంద్ గావాలె, సిద్దిరాములు," అన్నాడు రెడ్డి.

"ఎందుకొస్తాందో జూడాలె గద పటేలా. జూడంది ఎట్ల బంద్ జేస్త?"

"ఎందుకొస్తే నాకేంది? సుచిత్ర చౌరస్తల మూడు షెడ్లు దిరిగిన. ఒకడు జాయింట్లు మార్చిండు, ఒకడు రబ్బర్లు మార్చిండు, ఇంకోడు గేర్‌బాక్సు దించి ఎక్కిచ్చిండు. సప్పుడు అట్లనే ఉన్నది. నువ్వు చెవి వెడితే పట్టేస్తవని పేరున్నది. పట్టు, ఆపు. నాకు కారణాలు జెప్పకు."

అని గుంత అంచున తుపుక్కున ఉమ్మి జీపెక్కాడు. ఆ ఎర్రటి ఉమ్మి మెట్టు మీంచి జారి సిద్దిరాములు బోల్టులు విప్పే పానాల మీద పడింది. ఆయన గుడ్డ తీసుకుని ఒక్కొక్క పానాన్నీ కిరోసిన్‌తో తుడుచుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఎవరెవరి బళ్ళ కిందో మురికి తుడిచిన మనిషే, గ్రీజు ఆయనకు ఏనాడూ రోత కాలేదు. ఈ ఉమ్మి రోత పుట్టించింది. అయినా ఏమీ అనలేదు. అనకపోవడం అలవాటైపోయింది కదా, ఆ అలవాటు మీద కూడా ఆయనకు అసహ్యం వేసింది.

చప్పుడు పట్టడంలో సిద్దిరాములు పద్ధతి వేరు. ముందు బండి తీసుకుని కరీంనగర్ రోడ్డు మీద రెండు మైళ్ళు పోయి వచ్చాడు. మొదటి గేరులో క్లచ్ వదిలినప్పుడు వెనక నుంచి ఒక 'టంగ్'. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే ఇంకో 'టంగ్'. వెనక్కి నడిపితే మరీ పెద్దది, గుడిగంట కొట్టినట్టు. గతుకుల్లో రాలేదు, కాబట్టి స్ప్రింగులు కావు. మలుపుల్లో రాలేదు, కాబట్టి చక్రాలు కావు. ఇంజను లాగేటప్పుడూ వదిలేటప్పుడూ మాత్రమే వస్తోందంటే, ఇంజను నుంచి వెనక చక్రాల దాకా జోరు ప్రయాణం చేసే దారిలో ఎక్కడో ఖాళీ ఉంది. ఇనుము ఆ ఖాళీని దాటి ఇనుమును కొడుతోంది. సుచిత్రలో ముగ్గురూ చేసిన పొరపాటు ఇదే. చప్పుడు విన్నారు గానీ ఎప్పుడు వస్తోందో వినలేదు. విన్న ప్రతివాడూ తన దగ్గరున్న సామాను మార్చి పంపాడు.

గుంతలోకి దిగగానే మొదట ఆయన ముక్కుకు తగిలింది నీచు వాసన. లైటు ఎత్తి చూస్తే వెనక అడ్డదూలం మీద, కడిగే నీళ్ళు అందని మూలన, నీలం నైలాన్ వల ముక్క ఒకటి చిక్కుకుని ఉంది. దానికి ఎండిపోయిన చేప పొలుసులు. చేపలు జారిపోకుండా సాలమ్మ గంప మీద కప్పే వల అది. పైన పటారం లోన లొటారం అంటే ఇదే మరి. పైన సెంటు కొట్టినవాళ్ళు కింద ఈ వల ముక్కను రెండు నెలలు ఊరంతా తిప్పుకొచ్చారు. సిద్దిరాములు ఆ వల ముక్కను తీసి, పారేయబుద్ధి కాక, గూట్లో పెట్టాడు.

తరవాత బండిని గేరులో ఉంచి, ఇంజను నుంచి వెనక్కి పోయే పొడవాటి షాఫ్టును రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. ముందు జాయింటు గట్టిగా ఉంది. నడిమి బేరింగు గట్టిగా ఉంది. వెనక జాయింటు కూడా కొత్తది, ఇసుమంత కూడా ఆడలేదు. చివర షాఫ్టు బిళ్ళా, వెనక చక్రాలకు జోరును పంచే డిఫరెన్షియల్ డబ్బా బిళ్ళా ఒకదానికొకటి ఆనుకుని నాలుగు బోల్టులతో బిగించి ఉంటాయి. ఆ రెండు బిళ్ళల అతుకు మీద చూపుడువేలు అడ్డంగా ఆనించి, ఇంకో చేత్తో షాఫ్టును మెల్లగా తిప్పాడు. ముందు బిళ్ళ కదిలింది. దాని తరవాత, ఒక్క వెంట్రుకంత ఆలస్యంగా, వెనక బిళ్ళ కదిలింది. కంటికి కనబడలేదు గానీ వేలికి తెలిసింది.

బోల్టులు విప్పాడు. షాఫ్టు రంధ్రాలు పెద్దవి, బోల్టులు సన్నవి. సన్న బోల్టు పెద్ద రంధ్రంలో ఆడకుండా ఒక్కోదాని చుట్టూ రేకు ముక్క చుట్టారు. నూనె డబ్బా రేకు! అది రెండు నెలల్లో నలిగి, అరిగి, తునకలైపోయింది. ఇంత జోరున్న ఇంజనును నూనె డబ్బా రేకు మీద నిలబెట్టారన్నమాట. చప్పుడు రాక ఏం చేస్తుంది? కానీ సన్న బోల్టులు ఎందుకు వేయాల్సి వచ్చింది? వెనక డబ్బా ఈ బండిది కాదు గనుక. ఏదో తుక్కు బండి నుంచి పీకి తెచ్చిన డబ్బాను ఆదరాబాదరాగా దీనికి తగిలించారు. సుచిత్రలో ఎవరూ వెనక డబ్బా ముట్టలేదు, అంతకుముందు బండి మీద చెయ్యి వేసినవాడు లేడని రెడ్డివాళ్ళు స్టేషన్లో రాసిచ్చారు, మరి డబ్బా ఎలా మారింది?

సిద్దిరాములు గుడ్డను కిరోసిన్‌లో ముంచి షాఫ్టు బిళ్ళను తుడిచాడు. తుడిచిన చేయి అక్కడే ఆగిపోయింది.

బిళ్ళ అంచున మూడు చుక్కలున్నాయి. పంచ్ మొన ఆనించి సుత్తితో కొట్టిన చుక్కలు, వరసగా. వాటికి నాలుగు వేళ్ళ దూరంలో ఇంకో మూడు.

ఇది మీకు చెప్పాలి. ఏ షాఫ్టు విప్పినా, విప్పకముందు రెండు బిళ్ళల మీదా ఎదురెదురుగా గుర్తు కొట్టుకోవాలి. బిగించేటప్పుడు గుర్తుకు గుర్తు కలపాలి, లేకపోతే బండి వణుకుతుంది. అందరూ ఉలితో ఒక గీత గీస్తారు. సికింద్రాబాదులో సిద్దిరాములుకు పని నేర్పిన ఉస్తాద్ మాత్రం మూడు చుక్కలు కొట్టేవాడు. "ఒక చుక్క కంపెనీదనుకుంటరు, రెండు ఎవనివన్న కావచ్చు, మూడంటే మనయే. రేపు తప్పయితే మనమే జిమ్మేదార్," అనేవాడు. ఉస్తాద్ పోయి పదేళ్ళయింది. ఆయన శిష్యుల్లో పని చేస్తున్నది సిద్దిరాములు ఒక్కడే. సిద్దిరాములు ఆ చుక్కలు నేర్పింది ఇంకొక్కడికే.

"బావా! అన్నం దెచ్చిన," అని అప్పుడే పైనుంచి వినిపించింది.

పరమేశ్ టిఫిన్ క్యారియర్‌తో గుంత అంచున నిలబడి ఉన్నాడు. ముప్పై రెండేళ్ళ మనిషి, రెండు నెలల్లో నలభై దాటినవాడిలా అయ్యాడు. "దొరికిందా బావా?" అని అడిగాడు. అడిగిన తీరులో దొరకకూడదన్న ఆశ ఉంది.

"దిగు," అన్నాడు సిద్దిరాములు.

"అన్నం సల్లగయితది..."

"దిగు."

దిగాడు. సిద్దిరాములు అరచేతిలో నలిగిన రేకు ముక్క పెట్టి చూపించాడు. "గిదేంది?"

"ఏమో బావా. సుచిత్రల ఎవలన్న..."

"సుచిత్రోళ్ళు కత్తిరిచ్చిన రేకయితే మూలలు గుండ్రంగ ఎందుకున్నయ్? రేకు మూల చెయ్యి కోస్తదని, గుండ్రంగ కత్తిరియ్యాలని నేను ఎవనికి నేర్పిన్రా?"

పరమేశ్ దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు.

"నన్నే జైలుకు వంపుతున్నరు బావా అని మీ అక్క కొంగు వట్టుకొని ఏడిస్తివి గద. నీకోసం ఆమె నెల నుంచి ఒక్కపొద్దులుంటున్నది. నేను ఈ బండి కింద పొద్దటికెళ్ళి సస్తున్న. నువ్వేమో ఏం మార్చినవో, ఎట్ల మార్చినవో అన్నీ ఎరుకుండి, మాకు అన్నం మోసుకొస్తున్నవ్."

"నేను నడ్పలే బావా. అక్క మీదొట్టు. గా దినం నేను పక్కన కూసున్న. నడ్పింది అన్వేష్ పటేలే."

"నడ్పుడు గురించి నేనడగలే. గుద్దిన తెల్లారి వెనక డబ్బా నువ్వు మార్చినవా లేదా?"

"మార్చిన," అన్నాడు పరమేశ్, తల వంచుకుని. "జనార్ధన్ పటేల్ ఫామ్‌హౌజ్‌ల. జల్దీ జేయమన్నరు. బోల్టులు కలువలే. ఉన్న రేకుతోని..."

ఇక్కడితో ఆగిపోయినా బాగుండేది. ఎంతైనా బామ్మర్ది, పెద్దింటివాళ్ళు బెదిరించి చేయించారు, భయపడ్డాడు అని సిద్దిరాములు మనసు ఎలాగో సర్దుకునేదేమో. కానీ మూడు చుక్కలు కావు, అక్కడ ఆరున్నాయి. ఒక వరస తళతళ మెరుస్తోంది, రెండు నెలల నాటిది. రెండో వరస అంతకంటే పాతది, తుప్పు పట్టింది. తుప్పు అబద్ధం చెప్పదు.

ఆయన పరమేశ్ మెడ పట్టుకుని తల పైకెత్తాడు. లైటు షాఫ్టు దగ్గర పెట్టాడు.

"గీ మెరిసేటియి రెండోపారి, వేరే డబ్బా తగిలిచ్చినప్పటియి. సమజైంది. మొదటిపారి ఎందుకు విప్పినవ్?"

కరీంనగర్ రోడ్డు మీద లారీ ఒకటి పోయింది, షెడ్డు రేకులు అదిరాయి. అవి అదరడం ఆగాక సిద్దిరాములు మళ్ళీ అడిగాడు.

"పరమేశా. గుద్దకముందే ఈ బండి ఎందుకు విప్పినవ్రా?"

"పిలగాడు అడిగిండు బావా."

"ఏ పిలగాడు? గా ఇరవై నాలుగేండ్ల గాడిదా?"

"అన్వేష్ పటేల్. కొత్త లేఅవుట్ల రోడ్లేసిండ్రు గద, ఇండ్లు లేవు, ఆడ దోస్తులతోని బండి గిర్ర దిప్పుతడు. వెనక చక్రం ఒక్కటే తిరుగుతాంది, రెండు ఒక్కతీరుగ తిరగాలె అన్నడు. లోపటి పండ్లచక్రాలు కలిపి అతికియ్యమన్నడు."

ఆ డబ్బా ఉన్నదే మలుపు కోసం. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలి చక్రం తక్కువ. ఆ తేడాను లోపలి పళ్ళచక్రాలు సర్దుతాయి. వాటిని వెల్డింగుతో అతికేస్తే రెండు చక్రాలూ ఒక్క కట్టెకు కట్టినట్టు తిరుగుతాయి. ఖాళీ రోడ్డు మీద బండి బొంగరంలా తిరుగుతుంది, దోస్తులు చప్పట్లు కొడతారు. నిజమైన మలుపులో, జోరు మీద, వెనక చక్రాలు రెండూ కలిసి బండిని తిన్నగా నెడతాయి. స్టీరింగు తిప్పినా ముక్కు తిరగదు. చెరువుకట్ట కింది మలుపులో జరిగింది అదే.

"నువ్వు నా తాన ఆరేండ్లు జేసినవ్. మలుపుల ఏమైతదో నీకు తెల్వదా?"

"తెలుసు," అన్నాడు పరమేశ్. "జెప్పిన. లేఅవుట్ల దిప్పుకో పటేలా, రోడ్డెక్కకు అన్న. సరే అన్నడు."

"సరే అన్నడంట! థూ!"

నిజంగానే ఉమ్మేశాడు సిద్దిరాములు. గుంతలో గుట్కా కంపు, నీచు వాసన, కిరోసిన్, పరమేశ్ ఒంటి చెమట, అన్నీ కలిసి గొంతులోకి ఎక్కాయి. రెడ్డిని అసహ్యించుకోవడం తేలిక, ఊళ్ళో సగం మంది ఆ పని చేస్తూనే ఆయనకు దండం పెడతారు. ఇది ఇంటిది. తన కంచంలో తిన్నవాడు, తన పానాలు పట్టినవాడు.

"ఏడ అతికిచ్చినవ్? ఫామ్‌హౌజ్‌లనా?"

పరమేశ్ కళ్ళు మొట్టమొదటిసారి షెడ్డు మూలకు పోయాయి. అక్కడ పాత బల్ల పక్కన వెల్డింగు సెట్టు ఉంది.

"ఈడనే," అన్నాడు. "నువ్వు, అక్క కొమురెల్లి జాతరకు వోయిన ఐతారం."

సిద్దిరాములుకు ఆ ఆదివారం గుర్తుంది. సోమవారం పొద్దున షెడ్డు తెరిస్తే వెల్డింగు రాడ్లు డబ్బాలో సగానికి సగం లేవు. తాళం ఇచ్చి పోయింది పరమేశ్‌కే గనుక అడిగితే, హనుమాండ్ల గుడి గేటు విరిగితే అతికించి వచ్చానన్నాడు. దేవుడి పని చేశాడని తను మురిసిపోయాడు. శభాష్ అని భుజం కూడా తట్టాడు. ఇంటికి పోయి జయమ్మకు చెబితే ఆమె తమ్ముడి కోసం ఆ పూట పాయసం వండింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టకపోగా పాయసం పోశాం మేం, అనుకున్నాడాయన, తన మీద తనకే వెగటు పుట్టి.

"పాత డబ్బా ఏమైంది?"

"చెరువుల పారెయ్యమన్నరు వాళ్ళు."

"పారేసినవా?"

పరమేశ్ మెట్లెక్కి పైకి పోయాడు. సిద్దిరాములు వెనకాలే ఎక్కాడు. వెల్డింగు సెట్టు వెనక మూలన అరిగిన టైర్లు, తుప్పు సైలెన్సర్లు గుట్టగా పడి ఉంటాయి. పరమేశ్ నాలుగు టైర్లు పక్కకు లాగి, గోనెసంచి కప్పిన బరువైనదేదో రెండు చేతులా ఈడ్చుకొచ్చాడు. రెండు నెలలుగా సిద్దిరాములు రోజూ ఆ గుట్ట పక్కనే కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

"ఎందుకు పారెయ్యలే?" అని అడిగాడు సిద్దిరాములు.

"నువ్వే జెప్తవ్ గద బావా. విప్పిన సామాను, పని కొలిక్కి వచ్చేదాక పారెయ్యొద్దని."

ఏడవాలో నవ్వాలో తెలియలేదు సిద్దిరాములుకు. చెప్పినవన్నీ నేర్చుకున్నాడు వెధవ. గుర్తు కొట్టమంటే కొట్టాడు, మూలలు గుండ్రం చేయమంటే చేశాడు, సామాను దాచమంటే దాచాడు. చెయ్యకూడని పని చెయ్యకురా అని మాత్రం విడిగా చెప్పాల్సిన అవసరం ఉంటుందని తను అనుకోలేదు.

సంచి తీశాడు. డబ్బా మూత విప్పి ఉంది. లోపల పళ్ళచక్రాల నడుమ వెల్డింగు ముద్దలు, నల్లగా, పుండు మీద కట్టిన పక్కుల్లా. బయట బిళ్ళ మీద మూడు చుక్కలు. గుంతలో షాఫ్టు మీదున్న తుప్పు చుక్కలకు సరిగ్గా జోడీ.

తూంకుంట నుంచి మేడ్చల్ దాకా ఏ మెకానిక్‌కు చూపించినా, మూడు చుక్కలంటే ఏమంటాడు? సిద్దిరాములు చెయ్యి అంటాడు. పరమేశ్ పేరు ఎవరికి తెలుసు?

"కప్పేద్దాం బావా," అన్నాడు పరమేశ్, మెల్లగా. "నాలుగు మంచి బోల్టులు, రేకుల జాగల సరైన బుష్షులు ఏస్తే అరగంటల సప్పుడు బంద్. ఇన్‌స్పెక్టర్ వస్తడు, నడిపి చూస్తడు, వోతడు. దీన్ని రేపు చెరువుల ఏస్త. అక్కకు తెల్వదు. ఎవలకు తెల్వదు."

నిజమే. అరగంట పని. బుష్షులు తిప్పడానికి లేతు పక్క షెడ్డులోనే ఉంది. చప్పుడు ఆగిపోతుంది, రెడ్డి మెచ్చుకుంటాడు. చుక్కల్ని ఆకురాయితో రుద్దేస్తే తన చెయ్యి కూడా కడుక్కున్నట్టే. ఒక్క క్షణం, దాచడమెందుకు, సిద్దిరాములు కళ్ళు ఆకురాయి కోసం బల్ల మీద వెతికాయి. వెతికాయని తెలిసి ఆయనకు తన కళ్ళంటేనే రోత కలిగింది.

గూట్లో నీలం వల ముక్క ఉంది. దాని మీద పొలుసు ఒకటి ఎండకు మెరిసింది. జాతర నాడు బస్సు కోసం నిలబడితే సాలమ్మే గంప దించి, జయమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, తన సీసాలో నీళ్ళు తాపింది. ఆ రోజు ఆమెకు రెండు కాళ్ళూ ఉన్నాయి. అదే పూట ఇక్కడ పరమేశ్ రాడ్లు కాలుస్తున్నాడు.

"కప్పకు," అన్నాడు సిద్దిరాములు. "సంచి అటు పారెయ్. నడ్పింది ఎవలో నువ్వు జెప్పు, అతికిచ్చింది ఎవలో నేను జెప్త. అతికిచ్చింది తప్పే. దానికి నువ్వు పడాల్సింది పడు. కానీ వాడు నడ్పిందానికి నువ్వు జైలుకు వోవద్దు, ఆమె కాలికి జవాబు లేకుండ వోవద్దు."

పరమేశ్ సంచి వదల్లేదు. రెండు చేతులతో గుండెకు అదుముకుని నిలబడ్డాడు. అప్పుడు బల్ల మీద ఫోను మోగింది.

"ఏమైంది సిద్దిరాములు?" జనార్ధన్ రెడ్డి గొంతు. నోట్లో గుట్కా అలాగే ఉంది. "దొరికిందా సప్పుడు?"

ముప్పై ఏళ్ళుగా సిద్దిరాములు ఇలాంటి చోట మాట మింగేసేవాడు. ఈసారి మింగలేదు.

"దొరికింది పటేలా. గిప్పుడే రాండ్రి. ఒక్కలు రాకుండ్రి, సాలమ్మను గూడ తోల్కరాండ్రి. ఆమె ముంగటనే జూపిస్త."

అవతల నవ్వు వినిపించింది. అరుపు వస్తుందనుకున్న చోట నవ్వు వచ్చేసరికి సిద్దిరాములు ఫోనును ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"నువ్వు జెప్పాల్నా? సాలమ్మ నా జీపులనే కూసున్నది. అలియాబాద్ దాటినం, పావుగంటల నీ షెడ్డు కాడుంటం. నీ కాలు తీసిన వెల్డింగు ఎవడు జేసిండో, ఆ ఇనుము ఏడ దాసిండో జూపిస్త దా, అని ఆమెకు జెప్పి నేనే తోల్కొస్తున్న."

సిద్దిరాములుకు ముందు అర్థం కాలేదు. తరవాత ఒక్కొక్కటే కలుపుకున్నాడు. సుచిత్రలో మూడు షెడ్లు తిరిగిన బండి ఆఖరికి తన షెడ్డుకే ఎందుకు వచ్చింది? పొద్దున ఆ బండిని కరీంనగర్ రోడ్డు మీద ఊరంతా చూస్తుండగా నడిపింది తనే. ఇప్పుడు షాఫ్టు విప్పింది తన పానాలతోనే. డబ్బా పడి ఉన్నది తన నేల మీద.

"ఎవడు జేసిండని జెప్పిండ్రు పటేలా, ఆమెకు?"

"నన్నడుగుతవేంది? నీ బామ్మర్ది నీ పక్కకే ఉన్నడు గద, అడుగు," అని రెడ్డి ఫోను పెట్టేశాడు.

సిద్దిరాములు తిరిగి చూశాడు. పరమేశ్ డబ్బా పక్కన నేల మీద కూలబడి ఉన్నాడు, ఒళ్ళో సంచి, కళ్ళు వెల్డింగు సెట్టు మీద. అడగకుండానే చెప్పాడు.

"మంగళారం పటేల్ ఇచ్చిన కాయితం మీద సంతకం వెట్టిన బావా. అతికిచ్చింది, డబ్బా ఈడ దాసింది నువ్వని రాసిండ్రు."